యుద్ధ విమాన శకలాలు: అన్వేషణ, పరిరక్షణ

నిర్వచనం, పరిధి

యుద్ధంలో కూలిన, దారితప్పి జాడ తెలియకుండా పోయిన, యుద్ధం ముగిశాక పనికిరావని వదిలేసిన సైనిక విమానాల అవశేషాలను యుద్ధ విమాన శకలాలు అంటారు. వాటి ఆచూకీ తీయడం, అది ఏ విమానమో తేల్చడం, అందులో చనిపోయినవారి అస్థికలు దొరికితే సొంతవారికి చేర్చడం, మిగిలిన లోహాన్ని ఉన్నచోటనే కాపాడడమో వెలికితీసి భద్రపరచడమో చేయడం ఈ రంగంలోకి వస్తాయి. సేవ ముగించుకొని చెక్కుచెదరకుండా మ్యూజియం చేరిన విమానాలు ఈ కోవలోకి రావు. విశాఖపట్నం బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానం 2017 మార్చి 29న అరక్కోణంలో నౌకాదళ సేవ నుంచి తప్పుకొంది. తన రెక్కల మీద తానే విశాఖకు ఎగిరివచ్చింది. విడదీసి మళ్లీ బిగించాక అదే ఏడాది డిసెంబరులో ప్రదర్శనశాల అయింది. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కాగితాల మీద ఉన్నాయి. శకలానికి ఆ వసతి లేదు. అది ఎవరిదో, ఎందుకు పడిందో పడినచోటు చూసే చదువుకోవాలి.

ఒకే పనిలా కనిపించే ఈ అన్వేషణలో మూడు వేర్వేరు కోరికలున్నాయి. కుటుంబానికి మనిషి జాడ కావాలి, మ్యూజియానికి విమానం కావాలి, చరిత్రకారుడికి జరిగిన సంగతి కావాలి. ముగ్గురూ ఒకేచోట తవ్వుతారు కనుక ఒకరి పని మరొకరికి అడ్డువస్తుంది. ఈ రంగపు అనుభవమంతా చూస్తే ముందు కాపాడవలసింది శకలం ఎక్కడ, ఎలా, ఏ గుర్తులతో పడివుందన్న సాక్ష్యమేనని తేలుతుంది. లోహం వంతు ఆ తర్వాత. సాక్ష్యం భద్రంగా ఉంటే మూడు కోరికలూ తీరే వీలుంది. అది చెదిరిపోతే మిగిలేది తుక్కు. దీనికి దక్షిణాదిలోనే, తెలుగువారికి దగ్గరలోనే, మంచి ఉదాహరణలున్నాయి.

ప్రాంతీయ నేపథ్యం: కోలారు, యలహంక, బెంగళూరు

చాకవేలు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలు 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడేవరకు కోలారు జిల్లాలో ఉండేవి. తెలుగు ఇంటిభాషగా ఉన్న ఈ సీమకు దక్షిణాన, రెండో ప్రపంచ యుద్ధకాలంలో యలహంక, కోలారు, బెంగళూరు విమానాలతో సందడిగా ఉండేవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాక తూర్పు తీరం ఎంత బట్టబయలుగా ఉందో తెలిసివచ్చింది. శత్రువుకు అందనంత దూరంలో, ఎత్తుగా, పొడిగా ఉండే మైసూరు పీఠభూమి శిక్షణకూ మరమ్మతులకూ అనువైన చోటు. బ్రిటిష్ వైమానిక దళపు 358వ స్క్వాడ్రన్ 1944 నవంబరు 8న కోలారులోనే ఏర్పడింది. నాలుగింజన్ల లిబరేటర్ బాంబర్లతో అది తర్వాత బెంగాల్‌కు తరలి, ఆగ్నేయాసియాలో శత్రువు ఆక్రమించిన ప్రాంతాల్లో రహస్య దూతలనూ సరుకులనూ జారవిడిచే పనిచేసింది.

బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ భాగస్వామ్యంతో స్థాపించారు. 1942లో దాన్ని భారత ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. 1943 నుంచి అమెరికా వైమానిక దళం అక్కడ తన మరమ్మతు డిపోను నడిపింది. బాంబర్లు, రవాణా విమానాలు, సముద్రం మీద వాలే కటలీనాలు అక్కడికి బాగుపడడానికి వచ్చేవి. దెబ్బతిన్న విమానాన్ని విప్పి, పనికొచ్చే భాగాన్నీ పనికిరాని భాగాన్నీ వేరుచేసి మళ్లీ నిలబెట్టే విద్య అక్కడి కార్మికులకు ఆ మూడేళ్లలో ఒంటబట్టింది. యుద్ధం ముగిశాక ఆ విద్య మరోచోట అక్కరకొచ్చింది. (చూడు: హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్)

కాన్పూర్ లిబరేటర్లు: తుక్కు నుంచి స్క్వాడ్రన్

లిబరేటర్‌కు రెక్కల విస్తీర్ణం సుమారు 33.5 మీటర్లు. యుద్ధకాలంలో 18,000కు పైగా తయారయ్యాయి. అమెరికా అరువు ఒప్పందం కింద బ్రిటిష్ దళానికి వచ్చినవాటిని యుద్ధం అయ్యాక తిరిగి ఇవ్వాలి, లేదా ఎవరికీ ఉపయోగపడకుండా చేయాలి. కాన్పూర్‌లో పోగుపడ్డవాటికి రెండో గతి పట్టింది. కొన్నిటిని బరువైన యంత్రాలతో గుద్దించారు, కొన్నిటి ఇంజన్లలో ఇసుక పోశారు, పరికరాలను సుత్తులతో పగలగొట్టారు. ఇక వీటితో పనిలేదని వదిలేసి వెళ్లారు. దేశ విభజన తర్వాత బరువైన బాంబర్లు ఒక్కటీ లేని భారత వైమానిక దళం ఆ గుట్టల వైపు చూసింది. బెంగళూరు నిపుణులు వాటిని పరీక్షించి, ఎగరడానికి చాలినంత మాత్రమే అక్కడ బిగించి, ఒక్కొక్కదాన్నే బెంగళూరుకు తెచ్చుకున్నారు. వాటిని నడిపిన కంపెనీ పైలట్ జంషెడ్ మున్షీ. సరైన పరికరాలు కూడా లేని ఆ విమానాలను ఉత్తరాదినుంచి దక్షిణానికి చేర్చడం మామూలు పని కాదు. అలా సుమారు 40 విమానాలు మళ్లీ గాలిలోకి లేచాయి. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వీటితోనే ఏర్పడింది, తర్వాత 6వ స్క్వాడ్రన్ చేరింది. 1968 చివరి వరకు అవి సేవలో ఉన్నాయి. అప్పటికి ప్రపంచంలో మరే దేశమూ లిబరేటర్‌ను సైనిక సేవలో వాడడం లేదు.

దీన్ని పరిరక్షణ అనవచ్చునా అన్నది న్యాయమైన ప్రశ్న. బాగుచేసినవారి ఉద్దేశం బాంబరు, వారసత్వం గురించిన ఆలోచన వారికి లేదు. ఫలితం మాత్రం ఏ మ్యూజియం పథకమూ సాధించనంత పెద్దది. ఈనాడు ప్రపంచంలో వేళ్లమీద లెక్కపెట్టగల లిబరేటర్లలో కనీసం ఆరు భారత సేవ నుంచి వెళ్లినవే. ఒకటి పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో, ఒకటి లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో, ఒకటి ఒట్టావాలో, ఒకటి అరిజోనాలోని టూసాన్‌లో, ఒకటి ఫ్లోరిడాలో, మరొకటి అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ దగ్గర ఉన్నాయి. వాడుకలో ఉన్నంతకాలం నూనె, గ్రీజు, తనిఖీ అందుతాయి కనుక లోహం బతుకుతుంది. కొట్టులో పడేసిన ఇత్తడి బిందె కంటే రోజూ తోమే బిందె ఎక్కువకాలం నిలిచినట్టే ఇదీ.

ఇక్కడే అసలు చిక్కు కూడా ఉంది. కాలింగ్స్ వారి విమానం 1944లో తయారై, బ్రిటిష్ దళంలో పనిచేసి, కాన్పూర్‌లో మిగిలిపోయి, 1968 వరకు భారత సేవలో ఎగిరింది. 1980ల మొదట్లో ఒక బ్రిటిష్ సేకర్త దాన్ని కొని ఇంగ్లండుకు చేర్చాడు, తర్వాత అమెరికా వెళ్లింది. పెద్దయెత్తున బాగుచేశాక 1989లో మళ్లీ ఎగిరింది. దాని మీద అప్పటినుంచి 'ఆల్ అమెరికన్', ఆ తర్వాత 'డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్', ఆ పైన 'విచ్‌క్రాఫ్ట్' పేర్లు వేశారు. ఆ మూడూ యుద్ధంలో పేరుపడ్డ వేరే అమెరికన్ విమానాల పేర్లే. సందర్శకుడికి కనబడేది ఆ కథ. అదే లోహం ఇరవై ఏళ్లు భారత దళంలో తిరిగిన సంగతి రంగు కింద ఉండిపోతుంది. లోహం దక్కింది, సాక్ష్యం పక్కకు జరిగింది. విమానాన్ని కాపాడామనడానికి అది కనబడితే చాలదని ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

దీనికి ఎదురుగా బలమైన వాదం ఒకటుంది. ఎగిరే విమానం వేలమందిని చరిత్ర వైపు లాగుతుంది, గాజుపెట్టెలోని తునక అలా లాగలేదు అంటారు. అది నిజమే. అయితే ఎగరడానికి మూల్యం చెల్లించాల్సివస్తుంది. తునిగిన భాగాన్ని మార్చాలి, అలిసిన లోహాన్ని తీసేయాలి, చివరికి పాతదెంతో కొత్తదెంతో చెప్పలేని స్థితి వస్తుంది. అపాయం కూడా ఉంది. ఇదే ఫౌండేషన్‌కు చెందిన బీ-17 విమానం 2019 అక్టోబరు 2న కనెక్టికట్‌లో కూలి ఏడుగురు చనిపోయారు. కాబట్టి ఎగరవేయాలా వద్దా అన్నదాని కంటే, ఏ భాగం ఎప్పుడు మారిందో విడివిడిగా రాసిపెట్టారా అన్న ప్రశ్న ముందు రావాలి. రాసిపెట్టిన చోట ఎగిరే విమానం కూడా సాక్ష్యమే.

రకాలు

అవశేషం దొరికే చోటును బట్టి దాని తీరు మారుతుంది. నిలువుగా నేలలోకి దూసుకుపోయిన విమానంలో ఇంజన్ లోతుగా పాతుకుపోతుంది, రెక్కల రేకులు పైన చెల్లాచెదురవుతాయి. మెత్తటి మడిలో పడ్డదానికీ బండ మీద పడ్డదానికీ పోలిక ఉండదు. కొండ అడవుల్లో కూలినవి చెట్ల కింద మరుగునపడతాయి. మంచులో దిగినవి మంచుతో పాటు కిందికి కుంగుతాయి. 1942 జులైలో గ్రీన్‌లాండ్ మంచుమీద దిగిన ఆరు పీ-38 యుద్ధ విమానాల్లో ఒకదాన్ని 1992లో సుమారు 80 మీటర్ల లోతునుంచి పైకి తీశారు, పదేళ్ల పని తర్వాత 2002లో అది ఎగిరింది. సముద్రంలో పడ్డవి ఉప్పుకూ పాచికీ లోనవుతాయి. కాన్పూర్ గుట్టల్లాగా వదిలేసినవి ఐదో రకం. వాటిలో మృతులు ఉండరు, అందుకే వాటి విషయంలో నైతిక చిక్కులు తక్కువ.

అన్వేషణ విధానం

వెతుకులాట తవ్వకంతో మొదలవ్వదు, కాగితంతో మొదలవుతుంది. అమెరికా వైమానిక దళం 1943 నుంచి తప్పిపోయిన ప్రతి విమానానికీ ఒక నివేదిక రాసింది. అందులో సిబ్బంది పేర్లు, చివరిసారి కనబడిన చోటు, వాతావరణంతో పాటు ఇంజన్ల సంఖ్యలు, మెషీన్ గన్నుల సంఖ్యలు కూడా ఉంటాయి. కొండమీద దొరికిన ఒక్క తుప్పుపట్టిన తుపాకీ మీది అంకెతో విమానమంతటినీ గుర్తుపట్టగలగడం ఈ గుమాస్తా పని వల్లే. బ్రిటిష్ స్క్వాడ్రన్లు రోజువారీ కార్యకలాపాల దినచర్యలు రాసుకున్నాయి. తర్వాత వంతు స్థానికుల మాటది. వేటగాళ్లకు, పశువుల కాపరులకు, కట్టెలకు పోయేవారికి తెలిసినన్ని చోట్లు ఏ పటంలోనూ ఉండవు.

ఆ తర్వాతే పరికరాలు. విమానపు ఒడలు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమం. అయస్కాంతమాపకానికి అది అందదు, ఆ పరికరం పట్టేది ఇంజన్‌లోని ఉక్కు సిలిండర్లను, చక్రాల కాళ్లను, తుపాకులను. రేకుల కోసం లోహశోధకం, పాతుకుపోయినవాటికి భూమిలోకి చొచ్చే రాడార్, నీటిలో శబ్దతరంగాల సోనార్ వాడతారు. తవ్వేటప్పుడు నేలను గళ్లుగా విభజించి, ఏ గడిలో ఏది దొరికిందో నమోదుచేస్తూ మట్టినంతా జల్లెడపడతారు. పన్ను, గుండీ, గుర్తింపు బిళ్ల చాలా చిన్నవి. విమానం కోసం తొందరపడి తవ్వినవారు పారబోసే మట్టిలోనే అవి పోతాయి.

కాగితాన్ని పక్కనపెట్టి సాగిన వెతుకులాట ఏమవుతుందో బర్మా స్పిట్‌ఫైర్ల కథ చెబుతుంది. యుద్ధాంతంలో పెట్టెల్లో పెట్టిన బ్రిటిష్ యుద్ధ విమానాలైన స్పిట్‌ఫైర్లను బర్మాలో పాతిపెట్టారన్న మాట చాలాకాలం తిరిగింది. 2012లో ఇది బ్రిటన్, బర్మా ప్రభుత్వాల అగ్రనాయకుల మధ్య చర్చకు వచ్చేంత దూరం పోయింది. 2013 జనవరిలో యాంగాన్ విమానాశ్రయం దగ్గర తవ్వారు. పెట్టెలు లేవు, పైపులూ తీగలూ బయటపడ్డాయి. పాత దస్తావేజులను వెదికిన పరిశోధకులకు పాతిపెట్టారనడానికి ఆధారం దొరకలేదు. ఖర్చుపెట్టిన సంస్థ విమానాలు లేవని ప్రకటించింది. దీన్నిబట్టి సాక్షుల మాట పనికిరాదనుకోవడం తప్పు. నాగా, ఆది, మిష్మీ కొండల్లో శకలాలు దొరికినవి సాక్షుల మాట మీదనే. తేడా ఏమిటంటే అక్కడి సాక్షి 'రేకు ఇదిగో' అని చూపగలడు. బర్మా కథలో సాక్ష్యం మరొకరు చెప్పగా విన్నది.

హిమాలయ దారి: మృతుల అన్వేషణ

1942 నుంచి 1945 వరకు అస్సాం నుంచి చైనాకు హిమాలయాల తూర్పు కొనమీదుగా సరుకులు చేరవేసిన వైమానిక మార్గాన్ని పైలట్లు 'హంప్', అంటే మూపురం, అన్నారు. ఆ దారిలో కూలిన విమానాలు కొన్ని వందలు. అరుణాచల్ ప్రదేశ్‌లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ పర్వతారోహకుడు స్థానికుల తోడుతో పలు శకలాలను గుర్తించాడు. వాటిలో 1944 జనవరి 25న ఎనిమిదిమందితో కూలిన 'హాట్ యాజ్ హెల్' అనే లిబరేటర్ ఒకటి. 2006లో చోటు తెలిసినా, తవ్వకాలు సరిహద్దు వివాదపు సున్నితత్వం వల్ల ఏళ్ల తరబడి ఆగాయి. అస్థికలు 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి అమెరికాకు వెళ్లాయి. పాసీఘాట్‌లో 2023 నవంబరులో హంప్ మ్యూజియం తెరుచుకుంది, సేకరించిన విడిభాగాలు అందులో ఉన్నాయి.

కొండవాసులు శకలాల రేకులను గిన్నెలకూ పనిముట్లకూ వాడుకున్నారని బయటివారు నొచ్చుకోవడం కద్దు. మన ఊళ్లలో సత్తు గిన్నె, సిల్వరు గిన్నె అనే ఆ లోహం అడవిలో అప్పనంగా దొరికితే ఎవరైనా ఇంటికే తెచ్చుకుంటారు. అక్కడ నష్టం లోహపుది కాదు, సంఖ్యలున్న ఫలకం కరిగిపోవడం వల్ల కలిగినది. అందువల్ల వాడుకున్న రేకుకు వెలకట్టి వెనక్కి అడగడం కంటే, ఏ చోటునుంచి తెచ్చారో చెప్పించుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది. హంప్ అన్వేషణలో స్థానికులు దారి చూపేవారుగా నిలవడానికి ఇదే కారణం.

పరాయి దేశపు సైనికుల ఎముకల కోసం మన కొండల్లో మనమెందుకు శ్రమపడాలన్న ఆక్షేపణ ఒకటుంది. వలస పాలన యుద్ధమది అన్నది కాదనలేని మాట. కాని ఆ దళాల్లో భారతీయులూ ఉన్నారు. సమాధి తెలియని కామన్వెల్త్ సైనికుల, వైమానికుల పేర్లు 24,000కు పైగా చెక్కివున్న సింగపూర్ క్రాంజీ స్మారకంలో భారతీయుల పేర్లు ఎన్నో ఉన్నాయి. ఒక దేశం వెతుకుతుంటే మరొక దేశం సాయపడే పద్ధతి నిలిస్తే, మనవారి వంతు వచ్చినప్పుడు అడిగే హక్కు ఉంటుంది.

సముద్రగర్భం: ఉన్నచోటనే ఉంచడం

యుద్ధకాలపుది కాకపోయినా, తెలుగువారికి దగ్గరగా తాకిన ఉదంతం బంగాళాఖాతంలో జరిగింది. 2016 జులై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు 29 మందితో బయలుదేరిన వైమానిక దళ ఏఎన్-32 విమానం అదృశ్యమైంది. అందులో విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపోకు చెందిన ఎనిమిదిమంది ఉద్యోగులున్నారు. ఓడలతో, విమానాలతో భారీగా వెతికినా రేకు ముక్క దొరకలేదు. 2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థ వారి మానవరహిత జలాంతర వాహనం తీసిన చిత్రాల్లో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున కూలిన విమాన శకలాలు కనబడ్డాయి. ఆ చిత్రాలు ఏఎన్-32తో సరిపోలాయని, ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయిన దాఖలా లేదని రక్షణశాఖ ప్రకటించింది. అది ఆ విమానమేనని తేల్చడంలో మళ్లీ పాత నమోదులే సోనార్‌కు తోడయ్యాయి. శకలాన్ని పైకి తీయకుండానే ఏడున్నరేళ్ల సందేహం తీరింది.

సముద్రంలోనుంచి తీయడం ఎంత శ్రమో 1940 ఆగస్టులో ఇంగ్లండు తీరాన పడిన జర్మన్ బాంబరు డోర్నియర్-17 చెబుతుంది. 2013 జూన్‌లో దాన్ని పైకి తీశారు. ఉప్పునీటిలో పడ్డ అల్యూమినియంలోకి క్లోరైడు చేరుతుంది. గాలి తగిలి ఆరాక, తేమ అందినప్పుడల్లా అది లోహాన్ని లోపలినుంచి తొలిచేస్తుంది. పక్కపక్కనే ఉన్న ఉక్కు, అల్యూమినియం భాగాలు ఉప్పునీటిలో బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. అందుకే ఆ విమానాన్ని ప్లాస్టిక్ గుడారాల్లో ఉంచి, ఆమ్లత సరిచేసిన సిట్రిక్ ఆమ్ల ద్రావణాన్ని ఏళ్లతరబడి చల్లారు. నిమ్మకాయతో రాగిచెంబు తోమే గృహిణికి ఈ రసాయనం కొత్తది కాదు, కొత్తదల్లా ఓపిక. ఈ ఏర్పాట్లు ముందే సిద్ధం కాకుండా సముద్రంనుంచి విమానాన్ని తీస్తే, నీటిలో డెబ్బై ఏళ్లు నిలిచినది ఒడ్డున కొద్ది ఏళ్లలో పొడి అవుతుంది. ఎలాగూ నశిస్తుంది కనుక తీసేద్దాం అనేవారికి ఇదే సమాధానం. నశించేలోగా నమోదు చేయడం ఎప్పుడూ సాధ్యమే, తీయడం మాత్రం కొన్నిటికే తగుతుంది.

చట్టం, యాజమాన్యం

కూలిన సైనిక విమానం ఎక్కడ పడినా అది సొంత ప్రభుత్వపు ఆస్తిగానే ఉంటుందన్నది అమెరికా, బ్రిటన్ వంటి దేశాల వైఖరి. బ్రిటన్ 1986లో చేసిన చట్టం ప్రకారం అక్కడ కూలిన సైనిక విమానాల చోట్లన్నీ వాటంతటవే రక్షితాలు, లైసెన్సు లేకుండా కదపకూడదు. అమెరికా 2004లో మునిగిన సైనిక నౌకలకూ విమానాలకూ అలాంటి చట్టం చేసింది. జలాంతర వారసత్వం మీద 2001 యునెస్కో ఒడంబడిక నూరేళ్లు నీటిలో ఉన్నవాటికే వర్తిస్తుంది.

భారతదేశంలో ప్రాచీన కట్టడాల చట్టం (1958), పురావస్తువుల చట్టం (1972) రెండూ సాధారణంగా నూరేళ్ల వయసును గీతగా పెట్టుకున్నాయి. ఆ లెక్కన 1944లో కూలిన విమానం 2044 దాకా పురావస్తువు కాదు. కంసాలి కొలిమికో తుక్కు దుకాణానికో పోయేవాటిని ఆపే గీత ఇంకా దాదాపు రెండు దశాబ్దాల దూరంలో ఉంది. యుద్ధపు గుర్తులకు చట్టరక్షణ ఇస్తే యుద్ధాన్ని కీర్తించినట్టవుతుందన్న సంకోచం కొందరికి ఉంది. ఇందులో కొంత నిజం ఉన్నా, చిరిగిన రేకు, కాలిన ఇంజన్ యుద్ధాన్ని అందంగా చూపవు. అందం చూపేది కొత్త రంగు వేసిన విమానమే, దానికి ఏ చట్టమూ అడ్డులేదు.

అలాంటి శకలం ఎవరికైనా ఎదురైతే పాటించవలసిన క్రమం ఇది. ముట్టకుండా ఫొటో తీయాలి, పక్కన ఒక కొలబద్దో చెప్పో ఉంచితే పరిమాణం తెలుస్తుంది. అంకెలున్న ఫలకం కనబడితే దాన్ని ఊడదీయకుండా అక్కడే దగ్గరగా ఫొటో తీయాలి. జీపీఎస్ స్థానం రాసుకోవాలి. తర్వాత పోలీసులకు, రెవెన్యూ అధికారులకు తెలపాలి. బాంబర్లలో, యుద్ధ విమానాల్లో పేలని మందుగుండు ఎనభై ఏళ్ల తర్వాత కూడా ప్రమాదకరమే. తుప్పుపట్టినంత మాత్రాన అది చచ్చిపోయినట్టు కాదు.